ఆగిన నీళ్ళు నిద్రపోవు

(పామిడిలో జరిగిన సేవాలాల్ జయంతి సభలో ఒక గిరిజన బాలికల వసతి గృహ సంక్షేమ అధికారి చేసిన ప్రసంగం)

 

మన సంస్కృతి మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నగారా మోత గురించి, హోళీ లెంగీల గురించి, అద్దాల కుట్టు గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ముందు వరసలోనే కూర్చున్నారు. ఆ పని వాళ్ళకు వదిలేసి నేను చెక్‌డ్యాం గురించి మాట్లాడతాను. జయంతి సభలో చెక్‌డ్యాం ఏమిటని నవ్వుకోకండి. ఇంకో రెండు నెలల్లో ఎండాకాలం సెలవులు వస్తాయి. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ పిల్లలు నా కళ్ళ ముందుంటారు. సెలవుల్లో వాళ్ళుండేది మీ కళ్ళ ముందు. అందుకే ఈ మాటలు మీకే చెప్పాలి.

మనది కరువు సీమ. ఏడాది మొత్తం మీద మన జిల్లాకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే పెన్నమ్మ పామిడి దగ్గర ఎంత వెడల్పు ఉంటుందో మీకు తెలుసు. ఆ వెడల్పంతా ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. భోగేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే నది కాదు, ఎండిన దారి కనిపిస్తుంది. జాతీయ రహదారి వంతెన మీద పోయే బయటివాళ్ళు కింద ఏరు ఉందన్న సంగతే గమనించరు.

ఇలాంటి చోట ఎక్కడైనా నాలుగు నీళ్ళు నిలిస్తే మనసు ఆగుతుందా? ఆగదు. మనకు ఎగువన పెనకచర్ల దగ్గర మిడ్ పెన్నార్ డ్యాం ఉంది. హోస్పేట దగ్గరి తుంగభద్ర జలాలు ఎగువ కాలువలో ఎంతో దూరం ప్రయాణం చేసి అక్కడికి చేరతాయి. ఆ డ్యాం కట్టింది సాగుకూ తాగునీటికీ. మనకు మాత్రం అది ఆదివారం పోయే చోటు కూడా అయింది. బైకుల మీద ముగ్గురేసి వెళ్ళడం, ఒడ్డున కూర్చోవడం, ఫోటోలు దిగడం, అన్నం మూట విప్పుకోవడం. అంత దూరం పోలేనివాళ్ళకు ఊరి చెక్‌డ్యామే డ్యాం. వానలు బాగా పడిన ఏడాది వంక మీద కట్టిన ఆ చిన్న గోడ దగ్గర నీళ్ళు నిలిస్తే తాండా పిల్లలందరికీ అదే పార్కు, అదే సముద్రం.

ఆ సంతోషాన్ని నేను తప్పు పట్టను. నీళ్ళను చూసి పరుగెత్తని పిల్లలు ఈ జిల్లాలో పుట్టలేదు. పైగా ఆ గోడలు కట్టిన చేతులు మనవే. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ తర్వాత మన అమ్మలూ నాన్నలూ గంపలెత్తి, గడ్డపారలు పట్టి ఎన్ని కుంటలు తవ్వారో, ఎన్ని వంకలకు అడ్డం కట్టారో మీ ఇళ్ళలో అడగండి. మన చెమటతో నిలిచిన నీళ్ళు మన పిల్లల్ని తీసుకుపోకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి వివరం.

ముందు మన పెద్దల సంగతి ఒకటి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన జాతి మనది. వందల పశువులతో నడిచే బిడారుకు దారి కంటే ముందు కావలసింది నీళ్ళు. ఏ రేవు దాటవచ్చో, ఏ మడుగు లోతో, వాన ఎగువన పడితే ఎన్ని గంటలకు వంక వస్తుందో వాళ్ళకు తెలియాలి. తెలియకపోతే ఎద్దూ పోతుంది, ఉప్పూ పోతుంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ అనగానే పడవలు తిరిగే పిచోలా సరస్సు గుర్తొస్తుంది. 14వ శతాబ్దంలో ధాన్యం మోసే ఒక బంజారా అక్కడ నీళ్ళకు అడ్డకట్ట వేశాడని అక్కడి చరిత్ర చెబుతుంది. ఈరోజు దేశదేశాల వాళ్ళు డబ్బు పెట్టి విహారం చేసే ఆ సరస్సుకు మొదలు మనవాడే. మధ్యప్రదేశ్‌లో సాగర్ పట్టణం నడిబొడ్డున ఉన్న చెరువుకు కూడా లాఖా బంజారా పేరే ఉంది. 1739 ఫిబ్రవరి 15న పుట్టారని మనం నమ్మే సేవాలాల్ మహారాజ్ జన్మస్థలం సేవాగఢ్ మన గుత్తి పక్కనే ఉంది. ఆయన కూడా పశువుల్ని తోలుకుని దేశం తిరిగినవారే. కాబట్టి నీళ్ళ జ్ఞానం మనకు కొత్తగా ఎవరో నేర్పాల్సింది కాదు. మధ్యలో తెగిపోయింది, అంతే.

ఎలా తెగిందో చెబుతాను. ఈ సభలో అరవై దాటిన మగవాళ్ళు చేతులెత్తండి. ఇప్పుడు మీలో ఈత వచ్చినవాళ్ళు మాత్రం చేయి అలాగే ఉంచండి. చూడండి, దాదాపు ఎవరూ దించలేదు. ఇప్పుడు ఇరవై ఏళ్ళ తమ్ముళ్ళు ఎత్తండి. ఈత వచ్చినవాళ్ళు? లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. చెల్లెళ్ళను అడగనే అక్కర్లేదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? పెద్దల కాలంలో కపిల బావులుండేవి. మెట్లు దిగి పోయే బావులు. ఎండాకాలం మధ్యాహ్నం తాండా పిల్లలంతా అక్కడే. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, బెండో కట్టి మామ ఒకడు లోపలికి తోసేవాడు, ఇంకొకడు మెట్టు మీద కాపు కాసేవాడు. నాలుగు రోజులకు బుర్ర తీసేసేవాళ్ళు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, కానీ పక్కన పెద్దవాడు తప్పకుండా ఉండేవాడు. తర్వాత బోర్లు వచ్చాయి. నీళ్ళు వందల అడుగుల కిందికి పోయాయి. కపిల బావులు ఎండిపోయి ముళ్ళకంపలతో, చెత్తతో నిండాయి. జానెడు వెడల్పు బోరు గొట్టంలో ఎవరు ఈత నేర్చుకుంటారు? అలా రెండు తరాలు నీళ్ళు లేకుండా పెరిగాయి. ఇప్పుడేమో చెక్‌డ్యాంలు వచ్చాయి, పొలాల్లో నీటి కుంటలు వచ్చాయి, హంద్రీ-నీవా కాలువలో కృష్ణమ్మ మన జిల్లాకు వచ్చింది. నీళ్ళు తిరిగొచ్చాయి, ఈత తిరిగి రాలేదు. ప్రమాదమంతా ఈ సందులోనే ఉంది.

ఒక సంగతి చెబుతాను. ఏ తాండా అన్నది చెప్పను, ఆ కుటుంబానికి ఉన్న బాధ చాలు. ఒక దసరా సెలవుల్లో మా హాస్టల్ అమ్మాయి తమ్ముడూ, వాళ్ళ పెదనాన్న కొడుకూ, ఇంకో పిల్లవాడూ చెక్‌డ్యాం దగ్గరికి పోయారు. ఒకడు జారాడు. రెండోవాడు అన్నను పట్టుకోవడానికి దిగాడు. మూడోవాడు తాండాకు పరుగెత్తాడు. జనం వచ్చేసరికి ఇద్దరూ లేరు. సెలవుల తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. కొన్నాళ్ళు ఏమీ మాట్లాడలేదు. ఒకరోజు స్టడీ అవర్ అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఆరోజు గట్టు మీద అమ్మ ఉతికి ఆరేసిన చీరలు నాలుగున్నాయి. చీర విసిరుంటే అందేదా?" అని అడిగింది. ఎంత దూరంలో మునిగారని అడిగాను. గది ఈ గోడ నుంచి ఆ గోడంత అంది. అంటే పది పన్నెండు అడుగులు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు.

ఆ పిల్లకు నేను ఏం జవాబు చెప్పానన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ లెక్క మాత్రం మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆ రెండో పిల్లవాడికి ధైర్యం ఉంది, ప్రేమ ఉంది, దగ్గర్లో చీర ఉంది. చీర విసరాలన్న ఆలోచన ముందుగా ఎవరూ వాడి తలలో పెట్టలేదు. 2022లో మన దేశంలో నీట మునిగి చనిపోయినవాళ్ళు 38 వేలకు పైనే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది. ఇంత పెద్ద అంకె కాబట్టే ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీట మునక నివారణ దినంగా 2021లో ప్రకటించింది. పాము కాటుకు భయపడతాం, పిడుగుకు భయపడతాం. నడుం లోతు నీళ్ళకు భయపడం.

టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కదా, కారణం చెప్పకుండా వద్దనడం నాకు చేతకాదు. వద్దంటే పిల్లలు వినరు కూడా. కాబట్టి ఆగిన నీళ్ళు ఎలా పని చేస్తాయో మూడు విషయాలు చెబుతాను.

మొదటిది మరువ. చెక్‌డ్యాం నిండి నీళ్ళు గోడ మీద నుంచి సాపుగా జారుతుంటే చూడడానికి ఎంతో బాగుంటుంది. గోడ ఎత్తు మనిషంత కూడా ఉండదు. కింద నిలబడి తల తడుపుకుందామనిపిస్తుంది. ఎప్పుడైనా మరువ కింద ఒక పాత చెప్పునో, ప్లాస్టిక్ బాటిల్‌నో గమనించారా? అది కిందికి కొట్టుకుపోదు. గోడ దగ్గరే మునుగుతుంది, కాస్త దూరంలో తేలుతుంది, మళ్ళీ గోడ వైపే వస్తుంది, మళ్ళీ మునుగుతుంది. గంట తర్వాత వచ్చి చూసినా అక్కడే తిరుగుతుంటుంది. ఎందుకంటే పైనుంచి పడిన నీళ్ళు అడుగుదాకా పోయి, కొంత దూరంలో పైకి లేచి, అందులో కొంత భాగం వెనక్కి గోడ వైపు పారుతుంది. తిరగలి తిరిగినట్టు తిరుగుతుంది. ఆ తిరగలిలో పడిన మనిషి గతి కూడా ఆ చెప్పు గతే. గజ ఈతగాడైనా ఒడ్డుకు ఈదుతున్నానుకుంటూ గోడ కిందికే వస్తాడు. పైగా ఆ నురగ నిండా గాలి బుడగలు. నురగ మనిషి బరువును మోయదు. మామూలు నీళ్ళలో తేలేవాడు కూడా అక్కడ తేలలేడు. గోడ పొట్టిదే కదా అనుకోవద్దు. అమెరికాలో ఇలాంటి పొట్టి ఆనకట్టలకు రక్షక సిబ్బంది పెట్టుకున్న పేరు 'ముంచే యంత్రం'. మరువ పారుతున్నప్పుడు గోడ మీద నడవకండి, గోడ కింద ఆడకండి. అక్కడ పాకుడు పట్టిన సిమెంటు సబ్బు కంటే జారుడు. చూడాలనుంటే పక్క గట్టు మీద నుంచి చూడండి.

రెండోది గుంతలు. నీళ్ళు అద్దంలా నిలిచి ఉంటే అడుగు కూడా అద్దంలా సమంగా ఉంటుందనుకుంటాం. నదిలో ఇసుక తీసిన చోట నిలువెత్తు గుంతలుంటాయి. నీళ్ళు రాగానే అవన్నీ కనబడకుండా కప్పుకుపోతాయి. ఒక అడుగు మోకాలి లోతు, తర్వాతి అడుగు రెండు నిలువుల లోతు. ఇసుక అంచు కాబట్టి కాలు పెట్టగానే జారిపోతుంది. పోయిన ఏడాది దిగిన చోటే కదా అనుకుంటారు. పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ మధ్య అక్కడ ఏం తవ్వారో మీకు తెలుసా? చెక్‌డ్యాం లోపల ఒండ్రు బురద ఇంకో రకం. కాలు దిగబడితే లాగినకొద్దీ లోపలికి పోతుంది. తోటల్లో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటి కుంటలు అన్నిటికంటే మోసం. వాటి పక్కలు ఏటవాలుగా ఉంటాయి, పట్టా తడిస్తే నున్నగా అయిపోతుంది. ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. పొలంలో అలాంటి కుంట ఉన్నవాళ్ళు ఒక ముడుల మోకును గట్టున గుంజకు కట్టి లోపలికి వేలాడదీయండి. కుంట చుట్టూ కంప నాటండి. ఖర్చు ఎంత? ఒక పూట కూలి కూడా కాదు.

మూడోది గేట్లు. మన దగ్గర చుక్క వాన లేకపోయినా పెన్నలో నీళ్ళు రావచ్చు. పైన డ్యాం గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు నది కడుపులోనే పామిడి మీదుగా చాగల్లు వైపు పోతాయి. పొద్దున ఇసుకలో క్రికెట్ ఆడిన చోటే సాయంత్రానికి ఏరు పారుతుంది. ఇది ఎంత ప్రమాదమో తెలుగువాళ్ళకు ఒకసారి బాగా తెలిసొచ్చింది. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు విహారయాత్రకు హిమాచల్ ప్రదేశ్ వెళ్ళి, మండి జిల్లాలో బియాస్ నది రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఎగువన లార్జి డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్ళ వెంట ఉన్న ఇంకొకరు కొట్టుకుపోయారు. చదువుకున్న పిల్లలు, బుద్ధిమంతులు. తాము నిలబడింది ఒక డ్యాం కింద అన్న ఎరుక లేదు, అంతే. తప్పు ఎవరిదన్నది కోర్టులు చూశాయి. మనం నేర్చుకోవాల్సింది మనం నేర్చుకోవాలి. డ్యాం కింద ఉన్న ఏ నది గర్భమైనా తాళం వేయని ఇల్లు లాంటిది. ఇంటివాడు ఎప్పుడైనా రావచ్చు. సైరన్ వినిపించినా, పారే నీళ్ళు ఉన్నట్టుండి మురికిగా మారినా, చెత్త కొట్టుకొస్తున్నా, బండలు ఒక్కొక్కటే మునుగుతున్నా చెప్పుల కోసం కూడా వెనక్కి చూడకుండా గట్టెక్కండి.

వంక దాటే బండ్ల సంగతి కూడా ఇందులోదే. రోడ్డు మీద నుంచి నీళ్ళు పారుతుంటే జానెడు లోతు వేగానికే మనిషి కాళ్ళు తేలిపోతాయి. రెండడుగుల నీళ్ళు కారును తోసుకుపోతాయి. 2021 నవంబర్‌లో చిత్రావతి పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలంలో వరద మధ్య చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి తీసుకుపోవాల్సి వచ్చింది. మన కరువు జిల్లాలోనే జరిగింది ఇది. హెలికాప్టర్ అందరికీ రాదు.

చెల్లెళ్ళతో ఒక మాట. శ్రావణంలో తీజ్ చేసుకునే తాండాల్లో తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్ళు పోసి, చివరి రోజు పాటలు పాడుతూ పోయి నీళ్ళలో కలుపుతాం. పెళ్ళికాని ఆడపిల్లల పండగ అది. అన్నదమ్ములు మొలకలు తుంచుకుంటారు, ఆడపిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఎంత మంచి పండగ! ఆరోజు మన ఒంటి మీద అద్దాలు, పూసలు, బిళ్ళలు కుట్టిన ఫేటియా, కాంచళి ఉంటాయి. ఆ లంగా పొడిగా ఉంటేనే బరువు. తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటుంది, మనిషిని కిందికి లాగుతుంది. బుట్ట నీళ్ళలో కలపడానికి చీలమండ లోతు చాలు, పండగకు ఏ లోటూ రాదు. నలుగురు ఈత వచ్చిన అన్నలు ముందుగా పోయి కర్రతో లోతు చూసి, ఇక్కడిదాకే అని ఒక తాడు కట్టాలి. మొలకలు తుంచుకునే అన్నదమ్ములకు ఆ పని కూడా పండగలో భాగం కావాలి.

ఆడపిల్లలకు ఈత ఎందుకని అడిగేవాళ్ళకు నేను ఒకటే అడుగుతాను. బట్టలు ఉతకడానికి ఏటికి పోయేదెవరు? గేదెను కడగడానికి, బిందె ముంచడానికి పోయేదెవరు? చంకలో చంటిపిల్లతో గట్టు మీద కూర్చునేదెవరు? నీళ్ళ దగ్గర ఎక్కువసేపు గడిపేది మనం. ఈత నేర్వనిదీ మనమే. పొడుగు చేతుల టీషర్టు, ప్యాంటు వేసుకుని, ఆడవాళ్ళకు వేరే సమయం పెట్టుకుని, ఈత వచ్చిన అక్క పక్కన ఉండగా నేర్చుకుంటే పరువు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు ప్రమాదం జరిగితే ఏం చేయాలో. నాతో పాటు అనండి: అరువు, అందించు, విసురు. దిగకు.

మునిగేవాడు సినిమాలోలాగా చేతులు ఊపి కాపాడండని అరవడు. నోరు నీటి మట్టంలో ఉంటుంది, ఊపిరికే చాలదు, అరుపుకు ఎక్కడ? తల వెనక్కి వాలుతుంది, చేతులు పక్కలకు చాచి నీళ్ళను కిందికి నొక్కుతుంటాడు, నిచ్చెన ఎక్కుతున్నట్టుంటుంది. ఇదంతా ఒక నిమిషంలోపే అయిపోవచ్చు. ఆడుకుంటున్నాడనుకుని పక్కవాళ్ళు నవ్వుతూ చూస్తుంటారు. నీళ్ళలో ఉన్నట్టుండి సద్దు చేయని పిల్లవాడిని ముందు చూడండి.

చూడగానే అరిచి జనాన్ని పిలవాలి. దగ్గరుంటే గట్టు మీద బోర్లా పడుకుని కర్ర, కండువా, చీర కొంగు అందించాలి. నిలబడి అందిస్తే వాడు లాగినప్పుడు మీరూ పడతారు. దూరమైతే తేలేది ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్, బండి ట్యూబు, నూనె డబ్బా, ఏదైనా. ఐదు లీటర్ల నూనె డబ్బాలో గ్లాసెడు నీళ్ళు పోసి మూత బిగించి, చెవికి చేంతాడు కట్టి చూడండి. ఆ కాస్త బరువుతో దూరం పోతుంది, పడ్డాక తేలుతుంది. నీళ్ళలోకి మాత్రం దిగకు. మునిగేవాడు మిమ్మల్ని మెట్టు చేసుకుని పైకి ఎక్కుతాడు. అది వాడి తప్పు కాదు, ప్రాణం చేయించే పని. ఒకడు పోవాల్సిన చోట ముగ్గురు పోయేది ఇలాగే.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం చేయకండి. మన ఊళ్ళలో చేసేవి ఇవే, ఇవన్నీ సమయం తినేవే. ఊపిరి ఉందా చూడండి. ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా 30 సార్లు నొక్కాలి. మళ్ళీ రెండు ఊపిర్లు, మళ్ళీ 30 నొక్కులు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు పడే వేగం. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు, అలసిపోతే చేతులు మార్చుకోవాలి. లేచి కూర్చున్నా, బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత కూడా చెడు చేయగలవు. ఈ నొక్కడం చూసి నేర్చుకోవాల్సిన పని, విని వచ్చేది కాదు. మా హాస్టల్ అమ్మాయిలు దిండు మీద సాధన చేస్తారు. భోజనాల తర్వాత ఈ పక్క చెట్టు కింద మీకు చేసి చూపిస్తారు. తమ్ముళ్ళు సిగ్గుపడకుండా రండి.

చివరిగా ఈ సంఘాన్ని, ఇక్కడున్న యువతను నేను అడిగేది మూడు పనులు.

ఒకటి, ఎండాకాలం సెలవుల లోపల ప్రతి చెక్‌డ్యాం దగ్గర, ప్రతి కుంట దగ్గర ఒక గుంజ పాతి, దానికి నలభై అడుగుల తాడు, ఒక డబ్బా కట్టండి. బిందెకు తాడు కావాలని ఎవరూ విప్పుకుపోకుండా తాండా నాయక్ మాట కావాలి. ఆ తాడు ప్రాణం తాడు అని పంచాయతీలో చెప్పించండి.

రెండు, లోతు ఎంతో రంగుతో రాయించండి. గోడ మీద అడుగుల గుర్తులు, పక్కన తెలుగులో నాలుగు మాటలు. పంచాయతీకి అర్జీ పెట్టండి. అర్జీ రాయడానికి పదో తరగతి చదివిన చెల్లి ప్రతి తాండాలో ఉంది. జవాబు వచ్చేదాకా ఆగకుండా పెయింటు డబ్బా మీరే కొనండి.

మూడు, ఈత. ఆరేళ్ళు దాటిన పిల్లలకు ఈత, నీళ్ళ దగ్గర జాగ్రత్త, దిగకుండా కాపాడే పద్ధతి నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన తాండాల్లో ఇంకా ఈత వచ్చిన తాతలు, మామలు ఉన్నారు. ఇందాక చేయి దించనివాళ్ళు. ఇంకో పదేళ్ళకు వాళ్ళు బావిలో దిగలేరు. ఈలోపు ప్రతి తాండా నుంచి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. నిలువ లోతుకు మించని, పారని నీళ్ళలో, నడుముకు తాడు కట్టుకుని, గట్టు మీద మనిషిని పెట్టుకుని. వెల్లకిలా తేలడం ముందు నేర్చుకోండి, తర్వాత పాతిక మీటర్లు ఈదడం. కాపాడే పద్ధతులు చూపించమని అగ్నిమాపక కేంద్రం వాళ్ళను తాండాకు పిలవండి. లెంగీలు మరిచిపోతున్నారని మనం బాధపడుతున్నాం, రికార్డు చేసి పెట్టుకుంటున్నాం. తాతకు వచ్చిన ఈత కూడా అలా దాచుకోవాల్సిన ఆస్తే. దాన్ని ఫోన్లో రికార్డు చేసుకుంటే రాదు. నీళ్ళలో దిగి నేర్చుకుంటేనే వస్తుంది.

ముందు వరసలో ఉన్న తాతలకు నా మనవి. వచ్చే ఆదివారం నుంచి ఎవరెవరు నేర్పుతారో ఈరోజు భోజనాల దగ్గరే పేర్లు ఇవ్వండి. రాసుకోవడానికి నోటుబుక్కు తెచ్చాను.

జై సేవాలాల్.